బిలాస్‌పూర్‌లో ఫ్రెంచి పుస్తకం మీద నా తెలుగు రాత

బి.ఏ.లో ఫ్రెంచి తీసుకున్న తెలుగువాడికి దిక్కూ దివాణం లేదు. మా తరగతిలో ఆరుగురం, గ్రంథాలయంలో నిఘంటువు ఒక్కటి. అది ఎప్పుడు చూసినా ఎవరి దగ్గరో ఉండేది. ఒకసారి పరీక్ష తప్పాను. రెండోసారి తప్పితే చదువు మానిపించి కొట్లో కూర్చోబెడతానని నాన్న తేల్చి చెప్పేశారు. ఆ ఎండాకాలంలోనే అప్పలస్వామి మావయ్య ఒక పెళ్ళికి విజయనగరం వచ్చాడు. అమ్మకు వరసకు తమ్ముడు. బిలాస్‌పూర్ రైల్వేలో దొరల క్లబ్బయిన ఇన్‌స్టిట్యూట్‌కు అటెండరు. బిలియర్డ్ బల్ల తుడవడం, బీరువాల దుమ్ము దులపడం ఆయన పని. ఒక ఫ్రెంచి దొరసాని ఊరు విడిచిపోతూ ఇచ్చిన పుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయనీ, వాటిని ముట్టుకునే నాథుడే లేడనీ మాటల్లో అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

వెళ్ళదలచిన వారికి దారి చెబుతాను. విజయనగరంలో రాయపూర్ బండి ఎక్కాలి. పార్వతీపురం, రాయగడ దాటాక కొండలు, అడవులు తప్ప తినడానికేమీ దొరకదు, కనక పులిహోర కట్టుకుని వెళ్ళడం మంచిది. రాయపూర్‌లో దిగి హౌరా వైపు వెళ్ళే బండి పట్టుకుంటే సుమారు మూడు గంటలు. మూడో తరగతి బల్ల మీద నా నడుం విరిగింది. బిలాస్‌పూర్ స్టేషను బయట టాంగావాడు రెండణాలు అడిగి అణాకు దిగాడు. మావయ్య క్వార్టరు రెండు గదులది. అత్త మజ్జిగ ఇచ్చి, ఇద్దరు ఆడపిల్లల్నీ వసారాలోకి పంపి నాకు గది ఖాళీ చేసింది.

మర్నాడు పొద్దున్నే గోల్ బజార్‌కు వెళ్ళి కాగితాలు కొనుక్కున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లోకి మనవాళ్ళు నౌకర్లుగా తప్ప అడుగుపెట్టకూడదు. అయితే పదకొండు మొదలు మూడింటి దాకా దొరలు డ్యూటీలోనో, పంఖా కింద నిద్రలోనో ఉంటారు. ఆ వేళకు మావయ్య వెనక తలుపు తీసి నన్ను లోపలికి పంపాడు. పెద్ద నిఘంటువు, వ్యాకరణం, పిల్లల కథల వాచకం! మా ఊళ్ళో మూడేళ్ళు చదివినా రానిది రెండు మధ్యాహ్నాల్లో వచ్చినట్టనిపించింది. బయట వడగాలి, లోపల నేను చెమటలు కక్కుతూ రాసుకోవడం.

బుద్ధి గడ్డి తిన్నది అక్కడే. కొత్త మాట రాగానే దాని పక్కన పెన్సిలుతో తెలుగు అర్థం రాయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ వాచకం నాది కాదన్న సంగతి చేతికి గుర్తులేదు. ఇరవై పేజీల అంచుల మీద రాసేశాను. మావయ్య చూశాడు కూడా. ఆయనకు అక్షరం ముక్క రాదు; చదువంటే అలాగే ఉంటుందనుకుని, పెన్సిలు అరిగిపోతే చాకుతో చెక్కి ఇచ్చాడు.

మూడోనాడు పదకొండు దాటినా పిలుపు రాక నేను క్వార్టరులోనే కాచుకుని ఉండగా, మధ్యాహ్నం పన్నెండింటికి మావయ్య తిరిగివచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఆ పొద్దున ఒక దొరసాని కూతురి కోసం వాచకం తీసిందట. అంచుల నిండా నల్లవాళ్ళ రాత. అది తెలుగని తేలిందట; అక్కడి నౌకర్లలో తెలుగువాడు మావయ్య ఒక్కడే. సెక్రటరీ దొర పిలిపించి, ఇది ఎవరి పని అని అడిగితే తనదేనని మావయ్య ఒప్పేసుకున్నాడు. ఉద్యోగం తీసేశారు. ఆదివారంలోగా క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

ఎందుకలా చెప్పావని అరిచాను.

"బయటోడిని నోపలికి తెచ్చినానంటే నిన్నూ పోలీసులకి పట్టిచ్చీవోరు. నీ పరీచ్చేటవుద్ది?" అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నీకు రాయడవొచ్చునేటి అని ఒక్కడూ అడగనేదు అల్లుడా" అన్నాడు.

ఆ దొర దగ్గరికి వెళ్ళి చెప్పేస్తానని బయలుదేరాను. ఇన్‌స్టిట్యూట్ గేటు దాకా వెళ్ళాను కూడా. అక్కడ, నాన్న కొట్లో కూర్చున్న నా బతుకు కళ్ళ ముందు కనిపించింది. ఎండలో కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చెప్పకపోతే ఇంకా సిగ్గు. అత్త దారికి అన్నం మూట కట్టి, కన్నెత్తి చూడకుండా చేతికిచ్చింది.

మావయ్య స్టేషనుకు వచ్చాడు. బండి కదలడానికి ముందు కిటికీ ఊచ పట్టుకుని, "నానే రాసినానని ఒప్పుకున్నాను గదా, ఏటి రాసినానో సెప్పు" అన్నాడు.

గుర్తున్నవి చెప్పాను. గొడుగు. వంతెన. రొట్టె. నిదానంగా. చలికాలపు చొక్కా. ఒక్కొక్క మాటా తిరిగి పలికాడు.

"తిట్లేటీ నేవు గదా?"

"లేవు మావయ్యా."

"అచ్ఛా," అన్నాడు. "మరంత కోపవెందుకొచ్చిందో."

పరీక్ష ప్యాసయ్యాను. ఫ్రెంచిలో మొదటి తరగతి మార్కులని మేష్టారు మెచ్చుకున్నారు. మావయ్య ఇప్పుడు పార్వతీపురం స్టేషనులో మూటలు మోస్తున్నాడు. ఆ దారిన వెళ్ళవలసివచ్చి బండి అక్కడ ఆగినప్పుడు నేను కిటికీ వైపు కూర్చోవడం లేదు. మనిషి ఇంత పిరికివాడు కాగలడని నన్ను చూసుకున్నాకే తెలిసింది. ఫ్రెంచి పుస్తకాల కోసం బిలాస్‌పూర్ వెళ్ళాలనుకునే విద్యార్థులకు ఒక్కటే చెబుతాను. ముందుగా మీ పేరు మీదే సెక్రటరీకి అర్జీ పెట్టుకుని, రాతమూలకంగా అనుమతి వచ్చాకే బండెక్కండి. రాకపోతే మానెయ్యండి. మీ కోసం వెనక తలుపు తీసే మనిషికి కూడా పిల్లలుంటారు.