నాకు నిద్ర నేర్పిన అక్క

టెట్ పరీక్షకు చదవడానికి రఘునాథపల్లి నుంచి జనగామ వచ్చి గది తీసుకున్నప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆ గదిలో నాతోపాటు ఉండడానికి వచ్చిన అక్కకు ముప్పై ఏడు. ఆమెది గంగారం దగ్గర అడవిలోని ఊరు. పెళ్లికి ముందే టీచర్ ట్రైనింగ్ చేసింది గానీ, ఆ తర్వాత పద్నాలుగేళ్లు పత్తి చేలల్లో కూలికే పోయింది. ఇద్దరు ఆడపిల్లల్ని తల్లి దగ్గర వదిలి, భర్తను ఒప్పించి, ఒక పెట్టె, ఒక చాప పట్టుకుని బస్సు దిగింది.

ఆమెను చూసి జాలిపడ్డాను. పుస్తకం వదిలేసి ఇన్నేళ్లయిన మనిషి మా ఈడు పిల్లల మధ్య ఏం నెగ్గుతుంది అనుకున్నాను. పైగా తొమ్మిదిన్నరకే పడుకునేది.

"అక్కా, గిట్ల పండుకుంటె సిలబస్ ఎప్పుడైతది?" అని అడిగాను.

"పొద్దంత చదివింది లోపలికి పోవద్దా చెల్లె?" అని అటు తిరిగి నిమిషంలో నిద్రపోయింది.

నాకు అంత ధైర్యం లేదు. బాపు రోజూ ఫోన్ చేసి "ఈసారి పరీక్ష కొట్టాలె బిడ్డా" అనేవాడు. ఆ మాట విన్న రాత్రి పుస్తకం మూసేదాన్ని కాదు. కోచింగ్ సెంటర్లో ఒకమ్మాయి నిద్ర రాకుండా ఉండే గోలీలు ఇచ్చింది. మొదటి వారం నా అంత తెలివైనది లేదనిపించింది. రెండో వారానికి చేతులు వణకడం మొదలైంది. ఊరికే కోపం వచ్చేది. ఒకే పేజీ పదిసార్లు చదివినా మొదటిసారి చూస్తున్నట్టే ఉండేది. అయినా గోలీలు మానలేదు, చదువు సరిపోవడం లేదని ఇంకొకటి ఎక్కువ వేసుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున కోచింగ్ సెంటర్లో మోడల్ టెస్ట్, జవాబులు సొంతంగా రాయాలి. సైకాలజీ నాకు బాగా వచ్చిన సబ్జెక్టు. స్మృతిలోని దశలేమిటి అన్న ప్రశ్న వచ్చింది. ముందురోజే ఇరవైసార్లు చదివాను. ఆ పేజీ కళ్ల ముందు కనబడుతోంది, ఎర్ర పెన్నుతో కొట్టిన గీతలు కూడా కనబడుతున్నాయి. అక్షరాలు మాత్రం రావడం లేదు. పైన నా రోల్ నంబర్ రాయబోతే అదీ గుర్తు రాలేదు. బెంచీ మీద తల వాల్చేశాను.

నా వెనుక రెండు వరసల అవతల కూర్చున్న అక్క తన పేపర్ వదిలేసి వచ్చింది.

"ఏమైందే? చేతులు గిట్ల వణుకుతున్నయేంది?"

"ఏం లేదక్కా, పొద్దున తినలే."

ఆమె నన్ను గదికి తీసుకుపోయింది. అన్నం కలిపి పెట్టింది. నేను తిన్నాక మెల్లగా అంది: "ఊడ్చేటప్పుడు గోలీల అట్టలు చూసిన. నువ్వే చెప్తవని ఆగిన. అప్పుడే అడగకపోవుడు నా తప్పు."

తిడుతుందేమోనని భయపడుతున్నదాన్ని, ఆ మాటకు వెక్కి వెక్కి ఏడ్చాను. మిగిలిన గోలీలు తీసి ఆమె చేతిలో పెట్టాను.

మరునాడు సర్కారు దవాఖానకు వెంట వచ్చింది. డాక్టరమ్మ బీపీ చూసి, ఇక ఆ గోలీలు ముట్టొద్దని, కొన్నాళ్లు నీరసంగా ఉంటుందని, నిద్రకు కూడా సొంతంగా ఏ మందూ వేసుకోవద్దని చెప్పింది. బయటికి రాగానే అక్క నా ఫోన్ తీసుకుని బాపుకు కలిపింది.

"బాపూ, బిడ్డ మంచిగనే చదువుతుంది. పరేషాన్ కావద్దు. జర పరీక్ష ముచ్చట పక్కకు పెట్టి, అన్నం తిన్నదా అని అడుగుండ్రి."

ఆ రోజు నుంచి బాపు ఏం కూర వండారని అడగడం మొదలుపెట్టాడు.

అక్క నా చదువు పద్ధతే మార్చేసింది. తొమ్మిదికి పుస్తకాలు మూయాలి. తెల్లవారి ఆమె బియ్యం ఏరుతుంటే, నేను ఎదురుగా కూర్చుని నిన్న చదివింది పుస్తకం చూడకుండా చెప్పాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడే పుస్తకం తెరవాలి. మొదట్లో నాలుగు మాటలకే ఆగిపోయేదాన్ని.

"గుర్తు పట్టుడు వేరు, గుర్తు తెచ్చుకొనుడు వేరు చెల్లె. పుస్తకం చూస్తుంటె అన్ని వచ్చినట్టే ఉంటది. మూస్తెనే తెలుస్తది ఏం వచ్చిందో."

"గా మాట మన సైకాలజీ పుస్తకంల ఉన్నదే కదక్కా?"

"ఉన్నది. నువ్వు బట్టీ పట్టినవ్. నేను చేసి చూసిన."

అప్పుడు చెప్పింది. తన పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టాక వాళ్ల పుస్తకాల్లో రోజూ రాత్రి ఒక పేజీ చదివేదట. మరునాడు పత్తి ఏరుతూ ఆ పేజీని తనకు తానే పాఠంలా చెప్పుకునేదట. పక్క సాలులో పత్తి ఏరే ఆడవాళ్లు "దీనికి పిచ్చి లేసింది" అని నవ్వేవాళ్లట. చదువు వదిలేసిందని నేను అనుకున్నాను గానీ, పిల్లలు బడికెక్కిన నాటి నుంచి ఆమె ఒక్కరోజు కూడా వదల్లేదు. జాలిపడినందుకు నాకు సిగ్గేసింది.

నెల తిరిగేసరికి చేతులు వణకడం ఆగింది. కళ్లు మూసుకుంటే నిద్ర వచ్చేది. పొద్దున చెబుతుంటే పాఠాలు వాటంతట అవే నోటికి వచ్చేవి. టెట్ ఇద్దరం గట్టెక్కాం. తర్వాత టీచర్ ఉద్యోగాల పరీక్షలో అక్క పేరు వచ్చింది, నాది రాలేదు. తనకు ఉద్యోగం వచ్చిన సంతోషం పక్కనపెట్టి, ఆమె ఫలితాలు వచ్చాక రెండు రోజులూ నాతోనే ఉంది. ఇప్పుడు జనగామలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ మళ్లీ చదువుతున్నాను.

ఈ వానకాలంలో మహబూబాబాద్ మీదుగా పోయి ఆమె బడి చూసొచ్చాను. గంగారం దాటాక అడవిలో చిన్న బడి అది. పిల్లలు తీసివేతలు చేస్తున్నారు. మూలన చాప మీద రెండో తరగతి పాప ఒకతె నిద్రపోతోంది.

"లేపవా అక్కా?"

"వాళ్లింట్ల రాత్రంత లొల్లి. పిల్లకు కన్ను మూత పడుత లేదు. పండుకోనీ, లెక్కలు యాడికి పోతయి?"

గంట తర్వాత పాప లేచి, మొహం కడుక్కుని పలక తెచ్చుకుంది. మూడు లెక్కలు చేసి నాలుగో దాని దగ్గర ఆగిపోయింది. అక్క జవాబు చెప్పలేదు, తొందరా పెట్టలేదు. పాప పక్కనే నేల మీద కూర్చుని, ఆ పిల్ల గుర్తు తెచ్చుకునేదాకా ఎదురుచూసింది.