పోపు వేయని నెల

2023లో, రంజాన్ పండుగ వెళ్ళిన రెండో వారం. బహ్రెయిన్‌లోని హిద్‌లో, దుకాణాల పైన, నేను స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే గది. అక్కడి ఏసీ చప్పుడు విని పక్కనే ఉన్న విమానాశ్రయం వాళ్ళు తమ విమానమే ఏదో దిగుతోందని పరుగెత్తేవారు. ఇరవై ఏళ్ళుగా ఇదే నా పని. నా దగ్గర చేరినవాళ్ళను వరసగా నిలబెడితే సముద్రం మీది వంతెన దాటి సౌదీ దాకా వెళ్తారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళను మాత్రమే నిలబెడితే మా మెట్ల దగ్గరే ఆగిపోతారు.

ఆ మెట్ల మీద నిలబడదగ్గ మనిషి సత్యవతి. కోనసీమ నుంచి వచ్చి గలాలీలో ఒక బహ్రెయినీ ఇంట్లో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. ఒక పిల్లల నర్సరీలో ఆయా ఉద్యోగం ఖాళీ అయితే ఆ ఇంటి మేడమే సిఫారసు చేసింది. మా ఓరల్ టెస్ట్ పాసైతే ఉద్యోగం సత్యవతిది, తప్పితే ఇంకొకరిది. ఓరల్ టెస్ట్ అంటే, చదివిన కథను పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పి, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగే ఒక ప్రశ్నకు జవాబివ్వడం.

ఆమెకు పడింది ఈ కాలపు అమెరికన్ కథ. టైర్ల షాపులో పనిచేసే ఒకతను చర్చికి వెళ్ళడం మానేసి ఏళ్ళయింది. దేవుడి మీద నమ్మకం లేదు. ఆదివారం తల్లి ఇంట్లో భోజనానికి కూర్చుంటాడు. తల్లి ప్రార్థన మొదలుపెట్టగానే అతనూ కళ్ళు మూసుకుంటాడు. "నువ్వెందుకు మూశావు నాన్నా?" అని కూతురు అడుగుతుంది. అంతే, కథ అయిపోతుంది. నేను చదివిన ఆధునిక అమెరికన్ కథలు చాలావరకు ఇంతే. మంచి సీన్లో కరెంటు పోయినట్టు ఆగిపోతాయి.

క్లాసులో దీని మీద పెద్ద రభస జరిగింది.

"యాక్టింగ్ సార్! నమ్మకం లేనోడు కండ్లెందుకు మూస్తడు?" అన్నాడు జహంగీర్ భాయ్. కరీంనగర్ మనిషి, పోర్టులో ట్రైలర్ డ్రైవరు.

"ఆకలికి కళ్ళు తిరిగుంటాయండీ," అంది సత్యవతి.

"నీకు అన్నిట్ల తిండే యాదికొస్తది అక్కా!"

"మరి మీకో? టైర్లే కదండీ!"

నేను ఊరుకుంటానా? పద్నాలుగు లైన్ల జవాబు రాసిచ్చాను. అందులో ఫెయిత్, సెక్యులర్, కాన్‌ఫ్లిక్ట్ అన్నీ ఉన్నాయి. సెక్యులర్ అంటే దేవుడి ఊసు లేకుండా సాగే రోజువారీ బతుకు అని అర్థం కూడా చెప్పాను. ఆ జవాబు చూస్తే అమెరికాలో ప్రొఫెసర్లు రాజీనామాలు రాసుకోవాలి. సత్యవతి దాన్ని గిన్నెలు తోముతూ బట్టీ పట్టింది.

టెస్టు రోజు వచ్చిన ఎగ్జామినర్ ఒక అమెరికన్ పెద్దావిడ. సత్యవతి కథ చక్కగా చెప్పింది.

"నమ్మకం లేకుండా కళ్ళు మూసుకోవడం అబద్ధం కాదా?" అని అడిగింది ఎగ్జామినర్.

"కాన్‌ఫ్లిక్ట్..." అని సత్యవతి ఆగిపోయింది. మూలన కూర్చున్న నేను పెదాలతో, కనుబొమలతో, చివరికి చెవులతో కూడా మిగతా జవాబంతా అందించాను. లాభం లేదు. ఏసీ కూడా భయపడి ఆగింది.

అప్పుడామె తన ముక్కల ఇంగ్లీషులో మొదలుపెట్టింది. తెలుగులో అయితే ఇలా ఉంటుంది:

"రంజాన్‌లో మా మేడం ఇంట్లో అందరికీ ఉపవాసమండీ. నాకు లేదు. వండుకుని తినమంటారు. నేను వంటగది తలుపేసుకుని తింటాను. పప్పులో పోపు మాత్రం వెయ్యను. ఆ వాసన హాల్లోకి పోద్ది కదండీ, పాపం ఆకలితో ఉంటారు. అది అబద్ధమా అండీ? ఆ కథలో ఆయనా వాళ్ళమ్మ కోసమే కళ్ళు మూసుంటాడు."

"పోపు అంటే?"

అంతే! నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి వేగింది, ఇంగువ పడింది. అన్నీ సత్యవతి చేతుల్లో, నోట్లో. ఎగ్జామినర్‌కు తుమ్ము కూడా వచ్చిందని నేను ఒట్టేసి చెప్పగలను.

"మీ మేడంకు ఈ సంగతి తెలుసా?"

"పండగనాడు పొద్దున్నే వంటగదిలోకి వచ్చారండీ. నెల్లాళ్ళుగా ఇల్లు చప్పగా ఉంది, ఇవాళ గట్టిగా వెయ్యి అన్నారు."

ఎగ్జామినర్ పడీపడీ నవ్వి, గ్రామర్ తప్పుల కాలమ్ దయతో ఖాళీగా వదిలేసి, పాస్ అని రాసింది.

కింద మెట్ల దగ్గర జహంగీర్ భాయ్ హల్వా డబ్బాతో కాచుకుని ఉన్నాడు. జరిగిందంతా విని నావైపు తిరిగాడు.

"సార్, రంజాన్ల మీరు పుస్తకం అడ్డం పెట్టుకొని ఫ్లాస్కుల చాయ్ తాగిండ్రు గద?"

చేతిలోని హల్వా ముక్కను తిరిగి డబ్బాలో పెట్టేశాను. అడ్డం పెట్టింది ఈ కథ ఉన్న పుస్తకమే. "నీకు తెలిసిందా?"

"అల్లం చాయ్ సార్! అవతల సిత్రా దీవి దాంక వాసనొచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"సదువు చెప్పేటోల్ల గొంతు ఎండితే ఎట్ల? ముక్కు మూసుకొని కూసున్న."

"యాక్టింగేనా భాయ్?" అంది సత్యవతి. ముగ్గురం నవ్విన నవ్వుకు కింది దుకాణం షట్టర్లు కదిలాయి.

పద్నాలుగు లైన్ల జవాబును ఆ రోజే చింపేశాను. ఇప్పుడు ఆ కథ వచ్చినప్పుడు ముందు క్లాసునే అడుగుతాను: మీరెవరి కోసం ఏం మూసుకున్నారు? చెప్పేవాళ్ళకు గంట చాలదు. నమ్మకం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే ఇంట్లో ఎలా బతుకుతారో నాకంటే వాళ్ళకే బాగా తెలుసని నాకిప్పుడు తెలుసు. ఫ్లాస్కు కూడా రంజాన్ నెలంతా ఇంట్లోనే ఉంటుంది. మరుసటి ఏడు పండుగనాడు జహంగీర్ భాయే ఒకటి నింపుకుని మెట్లెక్కి వచ్చాడు, అల్లం రెట్టింపు వేసి.