సిరా లేని వేలు

ఆ శనివారం న్యూజిలాండ్‌లో ఎన్నికలు. ఆక్లండ్ వెళ్ళే బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న ఆ దేశపు ముసలి రైతు, "ఓటేశావా?" అని గద్దించినట్టే అడిగాడు. రెసిడెన్సీ వచ్చింది కాబట్టి నాకూ ఓటుంది. బద్ధకించి వేయలేదు.

"వేశాను" అన్నాను. మన దగ్గరలా ఇక్కడ వేలికి సిరా పూయరని తెలుసు. అయినా నా ఎడమచేయి దానంతటదే పిడికిలి బిగించింది.

ఆ పిడికిలి చూసి ఆయన ముఖం ఎర్రబడింది. కొడతాననుకున్నాడో ఏమో.

"ఎవరికేశావని అడగలేదయ్యా. మా ఊరంతా ఒక పార్టీ, నేనొక్కణ్ణే ఇంకోటి. నలభై ఏళ్ళుగా ఓడిపోయేవాళ్ళకే వేస్తున్నా. వెళ్ళడం మాత్రం మానలేదు," అన్నాడు.

ఆయన దిగేదాకా పిడికిలి విప్పలేదు. బస్సు ఆక్లండ్ చేరేసరికి పోలింగ్ అయిపోయింది.

ఇప్పటికీ ఓటేసి బయటికి రాగానే ఎడమ చూపుడువేలు చూసుకుంటాను. ఏ గుర్తూ లేని ఆ వేలిని ఆయనకి చూపించాలనిపిస్తుంది.