సత్తన్న బ్లీచ్ ముట్టడు

సత్తన్న చావుకు సత్తన్ననే కారణమంట. రూల్స్ పాటించకుండ తనే బ్లీచ్ కలుపుకున్నడంట. మా కంపెనీ గ్రూపుల గిట్ల మెసేజ్ పెట్టిండ్రు.

అబద్ధం.

నిన్న పొద్దున నేను గచ్చిబౌలిల ఒక ఆఫీసు కార్పెట్ కడుగుతున్న. సూపర్‌వైజర్ సార్ ఫోన్ చేసిండు.

"సత్తయ్య పోయిండు రా. కోకాపేట సైట్‌ల పడిపోయిండు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది."

బకెట్ పక్కన్నే కూలబడ్డ.

ఆ వెంటనే ఆయన అన్న మాట ఏందో తెలుసా?

"నీ దగ్గర కూడ లిక్విడ్ క్యాన్ ఉంది గదా, అది వాడకు. నేనే వచ్చి తీస్కపోత."

మనిషి పోయిండని చెప్పిన నోటితోనే క్యాన్ అడిగిండు. అప్పటి సంది అదే మాట చెవుల గిర్రున తిరుగుతుంది.

తెల్వనోళ్లకు చెప్తున్న. మాది డీప్ క్లీనింగ్ పని. ఇండ్లల్ల కుక్కలు, పిల్లులు కార్పెట్ ఖరాబు చేస్తే ఆ మరక, ఆ వాసన తీసేటోడు సత్తన్న.

నేను వీడియోలు చూసి పని నేర్చుకున్నోణ్ని. మొదటి సైట్‌కు బ్యాగుల బ్లీచ్ బాటిల్ పెట్టుకపోయిన. సత్తన్న అది గుంజుకొని, లిఫ్ట్‌ల కిందికి పోయి వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చిండు.

"పిల్లి ఉచ్చ మీద గిది పోస్తే గ్యాస్ లేస్తది. మరక పోయేలోపు నువ్వు పోతవ్ రా యూట్యూబూ."

అప్పటి సంది నా పేరు యూట్యూబే.

గసోంటి మనిషి బ్లీచ్ కలుపుకున్నడంట. నమ్మాల్నా?

ఆయన పనంత ముక్కుతోనే. కూకట్‌పల్లిల ఒక ఇంట్ల, కుక్క ఎక్కడ పోసిందో తెలుస్తలేదన్నరు. సత్తన్న బోర్లా పండుకొని, కార్పెట్‌కు ముక్కు ఆనిచ్చి, ఇల్లంత పాక్కుంట పోయిండు. సోఫా ఎనుక ఆగిండు.

"అమ్మా, కుక్కను తిట్టకు. ఇది మీ మనవడి పని."

ఆ ముసలమ్మ నవ్వలేక సచ్చింది.

ఆ ముక్కే మొన్న మూసుకపోయింది. జలుబు. లీవ్ అడిగితే సార్ ఇయ్యలే. "ముక్కు లేకుండ నేనేం పని చెయ్యాల్రా" అని సత్తన్న నాతోని ఫోన్ల నవ్విండు. అదే ఆఖరి మాట.

నిన్న దవాఖాన కాడ కోకాపేట ఇంటి మేడంను అడిగిన. పాపం, అంబులెన్స్ ఎంబడి ఆమెనే వచ్చింది.

"పిల్లి బాల్కనీలోంచి దూకేస్తుందని తలుపులు, కిటికీలు అన్నీ మూసేశామండి. ఆయన క్యాన్‌లోది పిల్లి పాడుచేసిన కార్పెట్ మీద పోసి, బ్రష్ పట్టుకుని వంగారు. కాసేపటికే దగ్గు. గుమ్మం దగ్గరున్న నాకే కళ్లు మండాయి. ఆయన ఇంకేం కలపలేదండి."

"ఆ క్యాన్ ఏది మేడం?"

"మీ సార్ వచ్చి పట్టుకెళ్లారండి."

ఇగ నా క్యాన్ సంగతి.

మా ఇద్దరి క్యాన్లు గోదాంల ఒక్క డ్రమ్ముల నుండే నింపిండ్రు. నింపింది సారే. లేబుల్ లేదు. మరక తీసే అసలు లిక్విడ్ అయిపోయిందని అంతకుముందే అందరికి తెలుసు. మన లిక్విడ్ పులిసిన దోశ పిండి లెక్క వాసనొస్తది. నిన్న నా క్యాన్ మూత జర తిప్పిన. స్విమ్మింగ్ పూల్ వాసన, బ్లీచ్‌ది.

నాకు పక్కా తెల్వదు. అనుమానం. అందుకే అందరి ముందు అడుగుతున్న.

తోటి క్లీనర్లకు ఒక్కటే చెప్తున్న. గోదాంల నింపిన క్యాన్ ఎవ్వరూ వాడకుండ్రి. ఈ పోస్ట్ పని మీదున్నోళ్లందరికి పంపుండ్రి.

సార్, ఆ డ్రమ్ముల ఏం పోసినవో రేపు సాయంత్రం ఆరింటిలోపు సత్తన్న పెండ్లాం స్వరూప వదిన ముందుకొచ్చి చెప్పు. సత్తన్న మీద పెట్టిన ఆ మెసేజ్ తీసెయ్. లేకుంటే వదిన, నేను, నీకు ఇయ్యని ఆ క్యాన్, ముగ్గురం పోలీస్ స్టేషన్‌ల ఉంటం.

పోయిరా అన్న. జర నిమ్మళంగ ఊపిరి తీస్కో.

నువ్వు పోయిన కాడ కిటికీలన్నీ తెరిచి ఉండాలె.