ప్రార్థనలో చదివిన బడి వార్త

ఆ రోజు నేను ఒక విద్యార్థిని నోరు మూయించబోయాను. తప్పు నాదే.

తాండూరులో ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిని. రోజూ ప్రార్థనలో ఒకరు పత్రిక చూసి వార్తలు చదవడం మా బడిలో అలవాటు. ఆ ఉదయం వికారాబాద్ నుంచి తనిఖీకి వచ్చిన విద్యాశాఖ అధికారి నా పక్కనే నిలబడి ఉన్నారు. తొమ్మిదో తరగతి అనిత ముఖ్యాంశాలు చదివి, "ఇగ మన బడి వార్త. ఆడపిల్లల బాత్రూంకు తలుపు లేదు. గందుకే మేము పొద్దంతా నీళ్లు తాగుతలేం" అంది.

నేను మైకు లాక్కున్నాను. "ఎవరు నేర్పిండ్రే నీకు? నడువ్, లైన్లకు పో!" అని అరిచాను.

ఆమె కదల్లేదు. "ఎవ్వరు నేర్పలే సార్. మీకు మస్తుసార్లు చెప్పినం, మీరే ఇనలే" అంది. మైకు లేకపోయినా ఆ మాట చివరి వరుస దాకా వినిపించింది. అధికారి నావైపు తిరిగారు.

సాయంత్రానికల్లా తలుపు పెట్టించాను. మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ అనితను క్షమించమని అడిగి, "ఇంకేమన్న ఉంటే చెప్పు బిడ్డా" అన్నాను.

"ఉంది సార్. నల్లా గూడ వస్తలేదు."

పిల్లలు నవ్వారు. నేను అక్కడి నుంచే ప్లంబరుకు ఫోన్ చేశాను. ఇప్పుడు రోజూ బడి వార్తలు చదువుతున్నారు. వాటిని ముందుగా నాకు చూపించమని నేను ఎవరినీ అడగను.