గాలం కర్ర మీద గాలిబుడగ

బర్నబాస్ మాస్టారికి గాలిబుడగంటే పడదు. పామంటే హడలిపోయేవాళ్లున్నారు, పక్కవాడు అప్పడం నమిలితే చిరాకుపడేవాళ్లున్నారు. మెరిసే పూత మీద బుడగ కనిపిస్తే అన్నం సయించని మనిషి మాత్రం తెనాలి మొత్తానికి ఈయనొక్కరే. ఒకసారి చర్చిలో ప్రసంగం సాగుతుండగా ముందు బెంచీ వార్నిషులో బుడగ కనిపించింది. జేబులోంచి బ్లేడు తీసి ముందుకు వంగారు. భార్య వరమ్మగారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన వంగడం చూసిన పాస్టరుగారు, మనసు కరిగి మోకరిస్తున్నాడనుకుని, ప్రసంగాన్ని ఇంకో పావుగంట పొడిగించారు.

బడిలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాక ఇలాంటి మనిషి గాలం కర్ర చెయ్యడానికి పూనుకున్నారు. మామూలు గాలం కాదు, ఫ్లై రాడ్. కోడి ఈకతో కట్టిన ఉత్తుత్తి ఈగని నీళ్లమీదకి విసిరి చేపని మోసం చేసే కర్ర. యూట్యూబులో చూసి వెదురు చీల్చారు, అతికించారు, గాలం తాడు జారడానికి చిన్నచిన్న రింగులు పెట్టారు. వాటి కాళ్లని పట్టుదారంతో చుట్టి బిగించారు. దారం ఇచ్చింది పక్కవీధి టైలరు మస్తాన్‌రావు. ఇక ఆ చుట్లమీద అద్దంలా ఎపాక్సీ అనే జిగురు పూత పడాలి. అది ఆరేదాకా మూడు గంటలు కర్రని తిప్పుతూనే ఉండాలి. ఆపితే పూత ఒకపక్కకి జారి బొజ్జ కడుతుంది.

మస్తాన్‌రావు దిగులు వేరు. జూలైలో రేపల్లె ప్యాసింజరు ఆగకముందే దిగబోయి ప్లాట్‌ఫారం మీద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి వేళ్లు కొయ్యబారిపోయి ఉన్నాయి. కత్తెరకి పట్టు చిక్కలేదు. బాపట్ల ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే మనీషా అనే అమ్మాయి రబ్బరు బంతి చేతికిచ్చి రోజూ పిసకమంది.

"ముప్ఫయ్యేళ్లు సూట్లు కుట్టిన చెయ్యమ్మా ఇది. బంతులాట ఆడుకోమంటావేంటి?" అని లేచి వచ్చేశాడు.

భార్య అంకాలమ్మ ఒక్కటే మాట చెప్పింది. "క్రిస్మస్ బట్టలు మొదలయ్యేలోపు నువ్వు కత్తెర పట్టకపోతే కొట్టు సెల్‌ఫోన్లవాళ్లకి ఇచ్చేస్తాను." అంకాలమ్మ అన్నదంటే చేస్తుంది. మస్తాన్‌రావుకి ఆ సంగతి బాగా తెలుసు.

సరిగ్గా ఆ వారమే, కర్ర తిప్పే మోటారు కాలిపోయిందని మాస్టారు కబురు పెట్టారు.

"మస్తాన్‌రావూ, నువ్వే తిప్పాలయ్యా."

"ఎడంచేత్తో తిప్పనాండి?"

"కుడిచేత్తో. ఎడంచేత్తో తిప్పితే పూత ఒప్పుకోదు."

"అదేంటండి?"

"ఎపాక్సీ అంతేనయ్యా. జపాన్‌లోనూ అంతే."

పూర్తవగానే సంగం జాగర్లమూడి కాలవకి వెళ్దామనీ, మొదట పడ్డ కొర్రమీను నీదేననీ ఆశపెట్టారు. కొర్రమీను మాట వినగానే మస్తాన్‌రావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మొదటిరోజు కర్ర అతని చేతిలోంచి ఆరుసార్లు జారింది. మర్నాడు మాస్టారు భూతద్దం పెట్టి చూసి, "అయ్యో, బుడగ!" అన్నారు. ఆ బొడిపెని బ్లేడుతో చెక్కి, దారం తెగకుండా సన్నటి గరుకుకాగితంతో రుద్ది, స్పిరిట్ దూదితో తుడిచి, పల్చగా కొత్త పూత వేశారు. మస్తాన్‌రావు మళ్లీ తిప్పాడు. ఆ మర్నాడు దుమ్ము కణం కనిపించింది. ఇంకో రోజు పూతలో చిన్న గుంట. నూనె తగిలితే అలా అవుతుందట.

"నూనె ఎక్కణ్నించి వచ్చిందండి?"

"వరమ్మ గారెలు వేసింది."

"మరి నాకు పెట్టలేదేంటండి?"

సెప్టెంబరు వెళ్లింది, అక్టోబరూ వెళ్లింది. వీధిలో ఎవరు "ఏం బాబాయ్, చేప పడిందా?" అన్నా, మస్తాన్‌రావు "ఆరుతోంది" అనేవాడు. నిద్రలో అంకాలమ్మ జడ పట్టుకుని మెల్లగా తిప్పి తన్నులు కూడా తిన్నాడు.

నవంబరు ఆఖర్లో ఒకరోజు అరగంట ముందే వెళ్లాడు. కిటికీలోంచి చూస్తే మాస్టారు ఒంటరిగా కూర్చుని, ఆరని పూతలోకి సన్నటి గొట్టంతో గాలి ఊదుతున్నారు. కళ్లు గట్టిగా మూసుకున్నారు. బుడగ లేవగానే "ప్రభువా, క్షమించు" అని గొణుక్కున్నారు.

మస్తాన్‌రావుకి ఒళ్లు మండిపోయింది. లోపలికి దూకి ఆయన కాలరు పట్టుకుని ఊపేశాడు.

"మూడు నెలలుగా నన్ను వెర్రివెధవని చేశారు కదండి!"

మాస్టారు మొహం ఎర్రబడిపోయింది. ఊపిరాడకపోయినా కేకపెట్టారు. "వరమ్మా! తొందరగా రా! ఐదు వేళ్లూ ముడిచాడు!"

"ఏంటండి?"

"నీ కుడిచెయ్యయ్యా! వదలకు, ఇంకా గట్టిగా పట్టు!"

పరుగున వచ్చిన వరమ్మగారు సంగతంతా బయటపెట్టేశారు. "మనీషా మా అన్నయ్య కూతురే అన్నయ్యగారూ. మీరు బంతి పారేసి వచ్చేశారని అదే చెప్పింది. దాన్నడిగే ఈయన మీకు కర్ర తిప్పుడు పెట్టారు. మోటారు లక్షణంగా ఉంది, మంచం కింద. కర్ర రెండోవారానికే అద్దంలా వచ్చేసింది. అప్పట్నించీ ఈయన చేత్తో ఈయనే రోజూ దాన్ని పాడుచెయ్యడం, రోజంతా జ్వరం వచ్చినట్టు పడుకోవడం!"

మస్తాన్‌రావు కాలరు వదల్లేదు. ఎన్ని బుడగలు ఊదారో ఈ మనిషి, తన కోసం! ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ ముక్క నోటితో చెప్పడం చేతకాక, పిడికిట్లో ఉన్న కాలరుకేసి చూశాడు.

"ఈ చొక్కా ఎవడు కుట్టాడండి?"

"రెడీమేడయ్యా."

"ఛీ, ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి. విప్పండి."

ఆ సాయంత్రం కొట్టు తలుపులు తెరుచుకున్నాయి. కత్తెర మొదట కాస్త తడబడింది, తర్వాత దారిన పడింది. అంకాలమ్మ గుమ్మంలో నిలబడి చూసి, టీ చెప్పడానికి వెళ్లింది. బనీనుతో బల్లమీద కూర్చున్న బర్నబాస్ మాస్టారు మాత్రం, గుడ్డలు పట్టుకొచ్చిన ప్రతివాళ్లనీ "వరసలో రండి, ముందు నాది" అని దబాయిస్తున్నారు.