సబ్బు రుచి చూసే పెద్దమ్మ

మా పెద్దమ్మ సబ్బుని నాలుకతో పరీక్ష చేస్తుంది. నవ్వకండి, సబ్బు చేసేవాళ్ళ పద్ధతే అది. చల్లారిన బిళ్ళకి నాలుక కొస తాకించి వెంటనే ఉమ్మేస్తారు. చురుక్కుమంటే నూనెతో కలవని కాస్టిక్ సోడా లోపల ఇంకా ఉన్నట్టు. కాస్టిక్ గట్టి క్షారం. నూనెతో పూర్తిగా కలిస్తే సబ్బవుతుంది, మిగిలిపోతే చర్మాన్ని తినేస్తుంది. సబ్బు కూడా లవణమేనని బడిలో బట్టీపట్టాను గానీ, నమ్మింది పెద్దమ్మ వెనక వరండాలోనే.

ఆవిడకున్న పెద్ద బేరం ఒక్కటే, ప్రసూతి ఆసుపత్రి. అది పోతే ఆ వరండాలో పొయ్యి వెలగదు.

మొన్న అక్కడి హెడ్ నర్సు సబ్బుల పెట్టె తనే తిరిగి మోసుకొచ్చింది. ఆమె వేళ్ళ మధ్య చర్మం పొరలు లేచి ఉంది.

"ఏంటమ్మా ఇది? పసిపిల్లల్ని ఎత్తుకునే చేతులివి. శుక్రవారానికి మంచివి రాకపోతే ఇంకోచోట చూసుకుంటాం."

"నేను చూసే పంపాను సిస్టర్," అంది పెద్దమ్మ గట్టిగా.

ఆమె వెళ్ళగానే ఒక బిళ్ళ తీసి నాలుకకి తాకించింది. ఏమీ లేదు. ఇంకోటి. ఏమీ లేదు. పేపరు చదువుకుంటున్న పెదనాన్న ముందు నిలబడింది.

"ఏవండీ, నాలుక చాపండి."

"ఎందుకే?"

"చాపమన్నానా!"

చాపాడు పాపం. మరుక్షణం కుళాయి దగ్గరికి పరుగు. "చంపేశావు కదే! దానికి కరెంటుగానీ పెట్టావా?"

పెద్దమ్మ మెట్టు మీద కూలబడింది. పోయిన నెల జ్వరమొచ్చింది, అది తగ్గాక కూడా ఆవిడ నోరు మొద్దుబారే ఉంది. కూరలో ఉప్పెక్కువైందని పెదనాన్న గొణిగితే ఆయనది చాదస్తం అనుకుంది. దానికితోడు ఈసారి నూనె మార్చింది. ఒక్కో నూనెకి కాస్టిక్ ఒక్కో మోతాదులో పడుతుంది, ఈవిడ పాత కొలతే వేసింది. తేడా వస్తే నాలుక పట్టుకుంటుందిలే అన్న ధీమా.

"పోనీ మానెయ్ పెద్దమ్మా," అన్నాను. కాలేజీ మానేసినవాణ్ణి, నాకు తెలిసిన సలహా అదే.

"నాలుక పోతే చేతులకేమైందిరా? తురుముపీట తే."

"పసుపు నీళ్ళతో చూద్దామా మరి? క్షారం ఉంటే ఎర్రబడుతుంది."

"మంచి సబ్బుకీ ఎర్రబడుతుంది. చొక్కా మీద పసుపు మరకకి సబ్బు రాస్తే ఏమవుతుందో ఎప్పుడూ చూళ్ళేదూ? మీ పెదనాన్నని పిలువు."

బిళ్ళలన్నీ తురిమాం. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుందని స్టీలు గిన్నెలో వేసి, కాసిని నీళ్ళతో సన్నని సెగ మీద కరిగించింది. మిగిలిన కాస్టిక్‌కి పని చెప్పాలంటే ఇంకా నూనె కావాలి. గరిటెతో కొంచెం పోయడం, కలపడం, ఒక ముద్ద చల్లార్చి పెదనాన్న ముందు పెట్టడం.

"ఇదే ఆఖరు," అన్నాడాయన ప్రతిసారీ. సాయంత్రానికి మొహం ముడుచుకుని, "ఛీ, ఇప్పుడు ఉత్త సబ్బులా ఉంది," అన్నాడు.

పెద్దమ్మ మంట ఆపేసింది.

శుక్రవారం ముగ్గురం వెళ్ళాం. నాలుక సంగతి ఎత్తొద్దని దారంతా పోరాను. ఆవిడ గుమ్మంలోనే చెప్పేసింది. "తప్పు నాదే సిస్టర్. నా నోటికి తెలియట్లేదు. ఇక మీదట నేను రుచి చూసి పంపను."

"మరి వీటిని ఎవరు చూశారు?"

పెదనాన్న బుద్ధిగా నాలుక చాపి చూపించాడు.

హెడ్ నర్సు నవ్వలేదు. కొత్త బిళ్ళ ఒకటి తీసి, పొరలు లేచిన వేళ్ళ మధ్య రుద్దుకుంది. కడుక్కుని, చేతులు ఆరేదాకా అలాగే నిలబడింది. పెద్దమ్మ ఆ వేళ్ళనే చూస్తోంది.

"మండట్లేదు. పెట్టె అక్కడ పెట్టండి. కానీ ప్రతిసారీ ఈయన చూశాకే పంపాలి."

పెదనాన్న నోరు తెరిచేలోపే పెద్దమ్మ అంది: "చూస్తారు సిస్టర్."